అన్న దాచిన నిజం: ఇటాచి, సాసుకేల కథ ఎందుకంత లోతుగా తగులుతుంది

నరుటో అనే జపాన్ యానిమే చూసిన నలుగురు ఒకచోట చేరినప్పుడు ఇటాచి పేరెత్తితే చాలు, రెండు పక్షాలు తయారవుతాయి. ఊరి కోసం, తమ్ముడి కోసం సర్వం ధారపోసిన త్యాగమూర్తి అని ఒకరంటారు. కన్నవాళ్లను చంపి, ఆ చావుల్ని పసివాడి బుర్రలోకి ఎక్కించినవాడు త్యాగమూర్తి ఎలా అవుతాడని ఇంకొకరు అడుగుతారు. ఇద్దరూ కథలో ఉన్నదే మాట్లాడుతున్నారు కాబట్టి ఎవరూ ఓడిపోరు, వాదన తెగదు. నేను పట్టుకోదలచిన దారం వేరు. తమ్ముడి బతుకు ఎలా ఉండాలో తమ్ముడికి చెప్పకుండా తేల్చేసే హక్కు అన్నకు ఎక్కడిది? కథ ఏళ్ల తరబడి ఈ ప్రశ్న చుట్టూ తిరిగి, చివరికి జవాబును ఇటాచి నోటితోనే చెప్పిస్తుంది. ఆ జవాబును అభిమానుల్లో చాలామంది కన్నీళ్లు తుడుచుకుంటూ దాటేసి వెళ్లిపోతారు. అదే నా బాధ.

ఇంకా చూడనివాళ్లకు ముందే చెబుతున్నాను, కథంతా విప్పేయకుండా ఈ విషయం మాట్లాడటం కుదరదు.

ఈ కథకు మూలం కిషిమోతో మసాషి గీసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ. అది 1999 నుంచి 2014 దాకా వీక్లీ షోనెన్ జంప్ పత్రికలో 700 అధ్యాయాలుగా వచ్చింది. స్టూడియో పియెరో దాన్ని 2002లో టీవీకి తెచ్చింది. మొదటి సిరీస్ 220 ఎపిసోడ్లు, 2007లో మొదలైన షిప్పుడెన్ మరో 500. కిషిమోతోకి సెయిషి అని కవల తమ్ముడున్నాడు, అతనూ మాంగా గీస్తాడు. దీన్నిబట్టి పెద్ద నిర్ధారణలేవీ చేయను గానీ, ఒకే ఇంట్లో ఇద్దరు మగపిల్లల్ని పక్కపక్కన నిలబెట్టి చూస్తే ఎలా ఉంటుందో తెలిసిన చేయి ఈ కథలో కనబడుతుంది.

జరిగింది ఒక వరసలో, చెప్పింది ఇంకో వరసలో

జరిగింది జరిగినట్టు చెప్పుకుంటే ఇలా ఉంటుంది. కొనోహా అనే నింజా గ్రామంలో ఉచిహాలది బలమైన వంశం. ఒక రాత్రి తొమ్మిది తోకల నక్క ఊరిమీద పడి విధ్వంసం చేసింది. ఆ మృగాన్ని లొంగదీసే శక్తి ఉచిహాల కళ్లకు ఉంది కాబట్టి వాళ్ల పనేనేమోనని ఊరి పెద్దలు అనుమానించారు. వంశం మొత్తాన్ని ఊరి అంచుకు తరలించి నిఘా పెట్టారు. పోలీసు పని వాళ్ల చేతిలో ఉంచారు, నిర్ణయాల దగ్గరికి మాత్రం రానివ్వలేదు. పేరుకుపోయిన అవమానం తిరుగుబాటు పథకంగా మారింది. దానికి నాయకుడు ఫుగాకు, ఇటాచికీ సాసుకేకీ తండ్రి.

ఇటాచి రెండువైపులా గూఢచారి. తండ్రి అనుకుంటున్నది ఊరికి తెలుసు, ఊరు అనుకుంటున్నది ఇటాచికి తెలుసు. ఊరి అధిపతి, మూడో హొకాగే హిరుజెన్ మాటలతో తేల్చుకుందామని చూశాడు, ఊరి పెద్దల్లో ఒకడైన డాన్జో పడనివ్వలేదు. తిరుగుబాటు జరిగితే అంతర్యుద్ధం, ఆ అదను చూసి పొరుగు దేశాల దాడి, అందులో తమ్ముడూ పోతాడు. ముందే వంశాన్ని తుడిచేస్తే తమ్ముడొక్కడైనా మిగులుతాడు. 13 ఏళ్ల కుర్రాడి ముందు డాన్జో పెట్టిన బేరం ఇది. ఇటాచి రెండోది ఎంచుకున్నాడు. తమ్ముడికి మాత్రం నా బలం ఎంతో చూసుకోవడానికే అందరినీ చంపానని చెప్పాడు. నన్ను అసహ్యించుకో, పారిపో, ఎంత నీచంగానైనా బతుకు, నాలాంటి కళ్లు వచ్చాక నా ముందుకు రా అన్నాడు.

ఈ వరసలోనే చెప్పి ఉంటే మనకొక మంచి రాజకీయ విషాదం దక్కేది. ఇటాచి మీద జాలిపడేవాళ్లం, సాసుకేను చూసి అయ్యో పాపం అనుకునేవాళ్లం, అంతే. కిషిమోతో దీన్ని వెనకనుంచి ముందుకు చెప్పాడు. ఏ దశలోనూ ప్రేక్షకుడికి సాసుకే కంటే పెద్దగా ఎక్కువ తెలియనివ్వలేదు. అందువల్ల మనం సాసుకేను పక్కనుంచి చూడం, అతనితోపాటు మోసపోతాం. తర్వాత నిజం బయటపడినప్పుడు తగిలే దెబ్బ అతనిదే కాదు, మనదీ అవుతుంది.

మొదట్లోనే, గురువు కాకాషి దగ్గర ముగ్గురు పిల్లలూ తమను పరిచయం చేసుకుంటున్నప్పుడు, సాసుకే తన లక్ష్యం ఒక మనిషిని చంపడం అంటాడు. ఆ మనిషి ఎవరో చాలాకాలం మనకు తెలియదు. ఇటాచి ఊళ్లోకి తిరిగొచ్చాక సత్రం నడవాలో అన్నదమ్ములు ఎదురుపడతారు. గోడను చీల్చుకుంటూ మెరుపు చిమ్మే చేత్తో సాసుకే దూసుకొస్తే, ఇటాచి ఆ మణికట్టును పట్టుకుని విరిచేస్తాడు. నువ్వు బలహీనుడివి, ఎందుకంటే నీలో ద్వేషం చాలలేదు అంటాడు. ఆ పైన సుకుయోమి అనే భ్రమలో అదే హత్యాకాండ రాత్రిని మళ్లీ చూపించి కుర్రాణ్ని మంచాన పడేస్తాడు. అప్పటికి మన లెక్కలో ఇటాచి కరుడుగట్టిన విలన్, ఇంకో మాటకు చోటు లేదు.

చిన్ననాటి జ్ఞాపకాలు ఎక్కడ వస్తాయో చూడండి. సాసుకే ఊరు వదిలి, ఊరికి శత్రువైన ఒరోచిమారు దగ్గరికి బయలుదేరి, ఆపడానికి వచ్చిన కథానాయకుడు నరుటోతో తలపడుతున్న సమయంలో వస్తాయి. ఆ పోరు మధ్యలో కథ ఆగి, ఉచిహాల ఇంటి అరుగు దగ్గరికి మనల్ని తీసుకెళ్తుంది. తండ్రి ఎప్పుడూ పెద్దవాడినే చూస్తాడు, వాడినే మెచ్చుకుంటాడు. చిన్నవాడు అకాడమీలో చేరే రోజు కూడా ఆ మనిషికి పెద్దకొడుకు చేయబోయే పనే ముఖ్యం. అప్పుడు ఇటాచి, నేను ఆ పని మానేసి సాసుకే వెంట బడికి వెళ్తానంటాడు, తండ్రికి తమ్ముడున్నాడని గుర్తు చేయడానికి. తర్వాత సాసుకే చెరువు గట్టున నోరు కాలేదాకా అగ్ని విద్య సాధన చేస్తే, తండ్రి నోటినుంచి ఇన్నాళ్లకు ఒక మాట వస్తుంది: నా కొడుకంటే ఇలా ఉండాలి. ఇటాచికి అలవాటుగా దక్కే ఆ మాట కోసం సాసుకే బాల్యమంతా ఎదురుచూశాడు. ఆ వెంటనే తండ్రి ఇంకోటీ అంటాడు, అన్న అడుగుజాడల్లో నడవకు అని. పిల్లాడికి అది అర్థం కాదు. అప్పటికే తండ్రికీ పెద్దకొడుక్కీ మధ్య వంతెన కూలిపోయిందని మనకు తర్వాత తెలుస్తుంది.

‘మీ అన్నను చూసి నేర్చుకో’ అన్న మాట వినకుండా పెరిగిన రెండో సంతానం మన ఇళ్లలో అరుదు. అందుకే ఈ భాగం జపాన్ కథలా అనిపించదు.

అదే అరుగు మీద ఇటాచి ఒక మాట అంటాడు. నువ్వు దాటి వెళ్లాల్సిన గోడలా నేను ఎప్పటికీ నీతోనే ఉంటాను, నువ్వు నన్ను ద్వేషించినా సరే, అన్నయ్య అంటే అంతే. మొదటిసారి విన్నప్పుడు ఇది ఒద్దికైన అన్న చెప్పిన తీపి మాట. రెండోసారి వింటే ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే అతను తర్వాత చేసిందంతా ఆ ఒక్క మాటను అక్షరాలా అమలు చేయడమే.

నుదుటి మీద వేలు

ఈ అన్నదమ్ముల మధ్య ఒక చిన్న అలవాటుంది. తమ్ముడు ఆడుకుందాం రమ్మన్నప్పుడల్లా ఇటాచి చేత్తో దగ్గరికి పిలుస్తాడు, వాడు పరిగెత్తుకొస్తే రెండు వేళ్లతో నుదుటి మీద పొడిచి, క్షమించు సాసుకే, ఇంకోసారి అంటాడు. సాసుకే నుదురు రుద్దుకుంటూ మొహం ముడుచుకుంటాడు. చూసేవాళ్లకు ముద్దుగా ఉంటుంది.

షిప్పుడెన్ 138వ ఎపిసోడ్‌లో ఇది ఎలా తిరిగొస్తుందో దగ్గరగా చూద్దాం. ఇద్దరూ శక్తులన్నీ ఖర్చుచేసి నిలబడి ఉన్నారు. సాసుకే వెనక్కి జరిగి జరిగి గోడకు ఆనుకున్నాడు, ఆ గోడ మీద ఉచిహా వంశపు విసనకర్ర గుర్తు ఉంది. ఇటాచి రక్తం కక్కుతూ, చేయి చాచి, అడుగులు తడబడుతూ వస్తున్నాడు. తన చూపు పోతోందని, తమ్ముడి కళ్లు పీక్కోవడానికే ఇన్నేళ్లూ వాణ్ని బతకనిచ్చానని కాసేపటి క్రితమే చెప్పాడు. కాబట్టి ఆ చేయి కళ్ల కోసమే వస్తోందని సాసుకేకూ తెలుసు, మనకూ తెలుసు. వేళ్లు కళ్లదాకా వచ్చి, నుదుటికి తగులుతాయి. క్షమించు సాసుకే, ఇదే ఆఖరిసారి. ఇటాచి నవ్వి, అక్కడే కూలిపోతాడు. సాసుకే నుదుటి మీద నెత్తుటి చార మిగులుతుంది. ఆ మొహంలో గెలుపు లేదు, దుఃఖమూ లేదు. ఏం జరిగిందో అర్థం కాని ఒక పిల్లాడి మొహం అది. ఇషికావా హిదెఓ, సుగియామా నొరియాకి, ఈ రెండు పాత్రలకు ప్రాణం పోసిన గొంతులు, ఆ చివరి నిమిషాల్లో దాదాపు ఏమీ మాట్లాడరు. వర్షం మాత్రం పడుతుంటుంది.

ఆ పోరును నిజం తెలిశాక మళ్లీ చూడాలి. సాసుకేను అంత తీవ్రంగా ఎందుకు తరిమాడు? శక్తి అయిపోయేదాకా తరిమితే సాసుకే ఒంట్లో దాగిన ఒరోచిమారు బయటికొస్తాడు, అతన్ని తన కత్తితో బంధించి తమ్ముడి ఒంటి మీది శాపపు ముద్రను తీసేయవచ్చు. చివరి స్పర్శలో ఏం పెట్టాడు? ఆ రాత్రి తనకు తోడొచ్చిన ముసుగు మనిషి నుంచి తమ్ముణ్ని కాపాడటానికి అమతేరాసు నిప్పును సాసుకే కంట్లో దాచిపెట్టాడు. అప్పటికే ప్రాణాంతకమైన జబ్బుతో, మందుల మీద రోజులు లాక్కొస్తున్న మనిషి, తమ్ముడి చేతిలో చావడానికే ఓపిక దాచుకుని వచ్చాడు. ఒక్కో దెబ్బ ఒక్కో కానుక. ఇంత పకడ్బందీగా ప్రేమించినవాడు ఇంకొకడు ఉండడనిపిస్తుంది.

అసలు సమస్య ఆ పకడ్బందీతనంలోనే ఉంది.

చావు ముందు, నిజం తర్వాత

నిజం సాసుకేకు ఎవరు చెప్పారు? ఊరు చెప్పలేదు, ఇటాచి చెప్పలేదు. ఇటాచి ఎవరినుంచి కాపాడాలనుకున్నాడో ఆ ముసుగు మనిషే, ఒబితోనే, సాసుకేను కట్టేసి కూర్చోబెట్టి, తనకు పనికొచ్చే తీరులో చెప్పాడు. మొదట సాసుకే నమ్మనంటాడు, అరుస్తాడు. తర్వాత చిన్ననాటి ఇటాచి నవ్వు గుర్తొస్తుంది, ఇక కాదనడానికి బలం చాలదు. సముద్రం ఒడ్డున కొండ అంచు మీద నిలబడి ఏడ్చి, వెనక్కి తిరిగి, కొనోహాను నాశనం చేస్తానంటాడు. ఇటాచి ఏ ఊరికోసం కన్నవాళ్లను చంపుకున్నాడో ఆ ఊరినే. అన్న కట్టిన పథకం మొత్తం, అతను పోయిన కొద్దిరోజులకే, సరిగ్గా తలకిందులైంది. దాచిన నిజం దాచినట్టు ఉండదు, ఎవడో ఒకడు తవ్వితీస్తాడు. ఆ తవ్వేవాడు మనం కోరుకున్నవాడు కాడు.

తెలుగువాళ్లకు ఈ ఘట్టం కొత్తగా ఉండదు. కర్ణుడు తమ అన్న అని పాండవులకు తెలిసింది అతన్ని చంపాక, తర్పణాలు వదిలే వేళ. ధర్మరాజు దుఃఖంలో సగం అన్న పోయినందుకు, సగం అమ్మ దాచినందుకు. ముందే తెలిస్తే యుద్ధమే ఉండేది కాదు కదా అన్న ఆ కోపం అతన్ని శాపం పెట్టేదాకా తీసుకెళ్లింది. సాసుకే కోపం కూడా ఆ జాతిదే. తేడా ఒక్కటుంది: కుంతి యుద్ధాన్ని కోరుకోలేదు, ఇటాచి మాత్రం తమ్ముడి చేతిలో తన చావును ఏడెనిమిదేళ్ల వయసునుంచే వాడి తలకెత్తాడు. పిల్లవాడి జీవితానికి గమ్యం, శత్రువు, ఆఖరి అంకం అన్నీ తనే రాసిపెట్టాడు. వాడు ఏం కావాలనుకుంటున్నాడో ఒక్కసారీ అడగలేదు.

ఇటాచిని దేవుణ్ని చేసేవాళ్లు మరిచిపోయే విషయం ఇంకోటుంది. ప్రాణమిత్రుడు షిసుయి చనిపోతూ ఇచ్చిన కన్ను అతని దగ్గర ఉంది. ఎదుటివాడికి తెలియకుండానే వాడి మనసును మార్చేయగల కన్ను అది. దాన్ని ఒక కాకిలో పెట్టి, ఆ కాకిని నరుటో గొంతులోకి దింపాడు. సాసుకే ఇటాచి కళ్లు పెట్టుకుని నరుటో ఎదుటికొస్తే, కొనోహాను కాపాడమన్న ఆజ్ఞ వాడి మనసులో నాటుకోవాలని. అంటే తను పోయాక కూడా తమ్ముడి బుద్ధి తన చెప్పుచేతల్లోనే ఉండాలని ఏర్పాటు చేశాడు. ప్రేమ, పెత్తనం రెండూ ఇంతలా కలిసిపోయిన సన్నివేశం ఈ సిరీస్‌లో మరొకటి లేదని నా నమ్మకం. కథ కూడా దీన్ని క్షమించలేదు. ఒరోచిమారు శిష్యుడు కబూతో అతన్ని చావునుంచి లేపి యుద్ధానికి పంపినప్పుడు ఆ కన్ను తిరిగి ఇటాచి మీదే పనిచేసింది. అప్పుడే అతను నరుటోతో, అన్నీ ఒక్కణ్నే చేయబోయి విఫలమయ్యానని ఒప్పుకుంటాడు.

ఉచిహాల కళ్ల గురించి కథ పెట్టిన నియమాలు కూడా ఇదే మాట చెబుతాయి. ఆ వంశంలో ఎవరైనా ప్రాణంగా ప్రేమించినవాళ్లను పోగొట్టుకున్నప్పుడు ఆ దుఃఖం మెదడునుంచి కంటి నరాల్లోకి దిగి షారింగన్ మేల్కొంటుంది. ఆపై దశ మాంగేక్యో. దాన్ని వాడేకొద్దీ చూపు మందగిస్తుంది, అన్నో తమ్ముడో తన కళ్లిస్తే ఆ చూపు శాశ్వతమవుతుంది. ఆ వంశపు పాత నాయకుడు మదారా తన తమ్ముడు ఇజునా కళ్లను అలాగే పెట్టుకున్నాడు. పీక్కున్నాడని ఇటాచి చెబుతాడు, తమ్ముడే ఇష్టంగా ఇచ్చాడని ఒబితో చెబుతాడు. తోబుట్టువు నీకోసం తన్ను తాను ఇచ్చుకుంటే అది కానుకా, నువ్వు వాణ్ని మింగేసినట్టా? సాసుకే ఈ తేడా తేల్చుకోలేకే మొదట ఇటాచి కళ్లు వద్దంటాడు, తర్వాత పెట్టించుకుంటాడు. మనసు లోపలి సంఘర్షణను ఒంటి మీద కనబడే వస్తువుగా మార్చడం యానిమేకు బాగా పట్టుబడిన విద్య. ఇక్కడ అది పరాకాష్ఠకు చేరింది.

ఇటాచి ఇచ్చిన తీర్పు

339వ ఎపిసోడ్‌లో ఇటాచి రెండోసారి, ఇక శాశ్వతంగా, వెళ్లిపోతున్నాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి కబూతోను ఓడించారు. ఆత్మ ఒంటినుంచి వదులవుతుండగా, నడిచి తమ్ముడి దగ్గరికొస్తాడు. ఈసారి మాటలతో మభ్యపెట్టడు, ఆ రాత్రి జరిగింది జరిగినట్టు చూపిస్తాడు. తల్లిదండ్రులు అతనికి వీపు చూపి మోకాళ్ల మీద కూర్చుని ఉంటారు. వెనక నిలబడ్డ కొడుకు చేతిలో కత్తి వణుకుతుంటే, మా నొప్పి క్షణంలో తీరిపోతుంది, నీది అలా కాదని తండ్రి అంటాడు. ఆలోచనలు వేరైనా నిన్ను చూస్తే నాకు గర్వమే అంటాడు. సాసుకేను చూసుకో అని అడుగుతాడు.

ఆ తర్వాతి మాటల కోసమే నేను ఈ వ్యాసం మొదలుపెట్టాను. నీకు ఎప్పుడూ అబద్ధమే చెప్పాను, క్షమించమంటూ ఈ చేత్తోనే నిన్ను దూరంగా నెట్టాను, నిన్ను ఇందులోకి లాగకూడదని అంటాడు ఇటాచి. మొదటినుంచీ నీతో సమానంగా నిలబడి, కళ్లలోకి చూసి నిజం చెప్పి ఉంటే నాన్ననూ అమ్మనూ ఉచిహాలనూ నువ్వు మార్చగలిగేవాడివేమో అంటాడు. నుదుటి మీద వేలికి అర్థం అతనే చెప్పేశాడు. ఇన్నాళ్లూ ముద్దుగా చూసుకున్నది చేయి చాపినంత దూరంలో నిలబెట్టడం అన్నమాట. ఈసారి వేలు ఉండదు. తమ్ముడి తలను దగ్గరికి లాక్కుని తన నుదురు ఆనిస్తాడు. నన్ను ఎన్నటికీ క్షమించనక్కర్లేదు, నువ్వు ఏ దారిన పోయినా నిన్ను ప్రేమిస్తూనే ఉంటానంటాడు.

‘నువ్వు ఏ దారిన పోయినా’ అన్న మాట దగ్గర ఆగాలి. తమ్ముడికి దారి గీయకుండా అతను మాట్లాడింది మొదటిసారి ఇదే. ఫలితం కూడా వెంటనే కనబడుతుంది. సాసుకే నేరుగా కొనోహా మీద పడడు. చనిపోయిన హొకాగేలను లేపించి, ఊరంటే ఏమిటి, నింజా అంటే ఏమిటి అని అడుగుతాడు. అతనికి కావలసింది మొదటినుంచీ ఇదే: మొత్తం కథ విని, తన నిర్ణయం తను తీసుకోవడం.

2016లో వచ్చిన 451 నుంచి 458 దాకా ఎపిసోడ్లు ఇటాచి బాల్యాన్ని మళ్లీ చెప్పాయి. నాలుగేళ్ల పిల్లవాడు శవాలు పడున్న యుద్ధభూమిలో నిలబడ్డ దృశ్యం బలమైనదే. మిగతాది నాకు ఎక్కువ వివరణలా తోచింది, తెలిసినదాన్నే మళ్లీ తెలియజేసింది. తొలి పూర్వీకులైన ఇంద్రా, అషురా అన్నదమ్ముల్లో తండ్రి చిన్నవాణ్ని వారసుడిగా ఎంచుకోవడంతోనే తరతరాల పగ మొదలైందని చెప్పే భాగం కథకు పునాది వేద్దామని చూస్తుంది. అయితే అరుగు మీద తండ్రి మెప్పు కోసం చూసే సాసుకే ముఖంలో ఉన్నంత బరువు అందులో లేదు.

నాకు తీరని ఫిర్యాదు ఒకటుంది. ఇద్దరి మధ్య దాపరికం తప్పని ఒప్పుకున్న ఇటాచి, ఊరి విషయంలో మాత్రం దాపరికమే కోరుకున్నాడు. ఉచిహాల పేరు చెడకూడదని నిజాన్ని బయటపెట్టవద్దంటాడు. సిరీస్ ఆ కోరికను అలాగే మన్నించింది. డాన్జోను సాసుకే వంతెన మీద చంపాడు. ఆ ఆజ్ఞలో భాగం ఉన్న ఇద్దరు సలహాదారులు హొముర, కొహారులకు 500వ ఎపిసోడ్ దాకా శిక్ష పడినట్టు చూపలేదు. కొనోహా జనానికి ఇటాచి చివరిదాకా వంశాన్ని చంపిన ద్రోహే. తమ పక్కవీధిలో ఒక వంశం మొత్తం ఎవరి ఆజ్ఞతో పోయిందో తెలుసుకునే హక్కు, సాసుకేకు ఉన్నట్టే, వాళ్లకూ ఉంది. ఆ సన్నివేశాన్ని కిషిమోతో రాయలేదు.